బొగ్గు మనది, గ్యాస్ ఎవరిది?

రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ మళ్లీ నడుస్తున్నది. 1999లో మూతబడ్డ జాగలోనే కొత్త ప్లాంటు లేచింది. 2021 మార్చిలో ఉత్పత్తి మొదలైంది. 2022 నవంబర్ 12న ప్రధానమంత్రి వచ్చి జాతికి అంకితం చేసి పోయారు. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. రాష్ట్ర ప్రభుత్వానికి అందులో 11 శాతం వాటా ఉన్నది. ఇంతవరకు సంతోషించాల్సిన ముచ్చటే. కానీ ఆ యూరియా దేనితో తయారవుతున్నదో ఒక్కసారి ఆలోచించాలె. సహజవాయువుతో. ఆ గ్యాస్ ఆంధ్ర ప్రాంతం నుంచి 350 కిలోమీటర్లకు పైగా పైపులైన్ల ప్రయాణం చేసి రామగుండం చేరుతున్నది. చుట్టూ బొగ్గు బాయిలే. పాత ఫ్యాక్టరీ ఆ బొగ్గునే గ్యాస్‌గా మార్చుకొని నడిచింది. కొత్త ఫ్యాక్టరీకి మాత్రం గోదావరిఖని బొగ్గుతో పనే లేదు.

పాత ఫ్యాక్టరీ మీద మమకారంతో ఈ ముచ్చట ఎత్తడం లేదు. బొగ్గును కాల్చకముందే శుభ్రమైన గ్యాస్‌గా, ఇంధనంగా మార్చే పనికి కేంద్రం వేల కోట్లు పక్కన పెట్టింది. 2030 నాటికి ఏడాదికి 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాస్‌గా మార్చాలని లక్ష్యం పెట్టుకున్నది. 2024 జనవరి 24న కేంద్ర మంత్రివర్గం 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. ఈ పైసలు ఎక్కడికి పోతయి? ఆ ప్లాంట్లు ఏ జాగలో లేస్తయి? ఆ కొలువులు ఎవరికి దక్కుతయి? ఆ కాలుష్యం ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతది? బొగ్గు మీద బతికే ప్రాంతం ఈ ప్రశ్నలను ఇప్పుడు అడగకపోతే రేపు అడిగినా లాభం ఉండదు.

అసలు ఈ బొగ్గు గ్యాస్ అంటే ఏందో ముందు తెలుసుకుందాం. మన థర్మల్ ప్లాంట్లలో బొగ్గును పిండి చేసి బాయిలర్‌లో పుష్కలంగా గాలి ఇచ్చి కాలుస్తరు. ఆ వేడికి నీళ్లు ఆవిరై టర్బైన్ తిరుగుతది. బూడిద, గంధకం, నైట్రోజన్ వాయువులు అన్నీ పొగలో కలిసి చిమ్నీ ఎక్కుతయి. గ్యాసిఫికేషన్‌లో బొగ్గును పూర్తిగా కాలనియ్యరు. ఆక్సిజన్ తక్కువగా, నీటి ఆవిరి తోడుగా ఇచ్చి బాగా వేడి చేస్తరు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువు పుడతది. బూడిద కిందికి దిగిపోతది. గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్ రూపంలో వస్తది కనుక దాన్ని విడదీసి గంధకంగానే అమ్ముకోవచ్చు. అంటే కాల్చిన తర్వాత కొండంత పొగను కడిగే బదులు, కాల్చకముందే కొద్దిపాటి గ్యాస్‌ను కడుగుతరు. ఆ శుభ్రమైన గ్యాస్‌తో టర్బైన్ తిప్పి కరెంటు తీయొచ్చు. అమ్మోనియా చేసి యూరియా తీయొచ్చు. మిథనాల్ చేసి పెట్రోల్‌లో కలపొచ్చు. మిథనాల్ నుంచి డైమిథైల్ ఈథర్ చేసి డీజిల్ బదులు ఇంజన్లలో వాడొచ్చు, వంటగ్యాస్‌లో కలపొచ్చు. ఒకసారి బొగ్గు గ్యాస్‌గా మారిందంటే దారులు చాలా ఉన్నయి.

ఈ విద్య మనకు కొత్తది కాదు. రామగుండంలో 1980లోనే పెద్ద ఎత్తున నడిచింది. రోజుకు 900 టన్నుల అమ్మోనియా, 1,500 టన్నుల యూరియా తీసే లెక్కన ఫెర్టిలైజర్ కార్పొరేషన్ ఆ ఫ్యాక్టరీని కట్టింది. దానికి ఒడిశాలోని తాల్చేరు కవల. రెండిటిలోనూ జర్మనీ నుంచి తెచ్చిన కోపర్స్ టోట్జెక్ పద్ధతే. కానీ రెండూ పూర్తి సామర్థ్యాన్ని ఏనాడూ అందుకోలేదు. కరెంటు సరఫరాలో ఒడిదొడుకులు, తరచూ ఆగిపోయే యంత్రాలు, మారుతూ వచ్చే బొగ్గు నాణ్యత ఫ్యాక్టరీని కుంగదీసినయి. నష్టాలు పెరిగినయి. 1992లో సంస్థ ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు పోయింది. 1999 మార్చి 31తో రామగుండంలో ఉత్పత్తి ఆగింది. ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ కాగితాల మీద సంతకాలు పెట్టి ఇంటిదారి పట్టారు.

అప్పటినుంచి ఒక మాట ప్రచారమైంది. బొగ్గుతో ఎరువులు కావు, బొగ్గు గ్యాస్ మన దగ్గర నడవదు అని. ఇది సగం నిజం. ఆ పద్ధతిలో బొగ్గును మెత్తటి పిండిగా కొట్టి, విపరీతమైన వేడి దగ్గర బూడిదను కరిగించి బయటికి తీయాలె. బూడిద తక్కువ ఉండే బొగ్గుకు అది కుదురుతది. మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటది, అది కరగాలంటే ఇంకా ఎక్కువ వేడి కావాలె. వేరేవాళ్ల బొగ్గుకు కుట్టిన అంగీని మన బొగ్గుకు తొడిగారు. అది పట్టలేదని నేరం బొగ్గు మీద మోపారు.

మన బొగ్గుకు తగిన పద్ధతి లేదా? ఉన్నది. దాని మీద పని జరిగింది కూడా హైదరాబాద్‌లోనే. ఇప్పుడు ఐఐసీటీగా పిలిచే తార్నాకలోని పాత రీజనల్ రిసెర్చ్ లేబొరేటరీ, హైదరాబాద్ రాజ్యం ఉన్న కాలంలో 1944లో పుట్టిన సంస్థ. బొగ్గు నుంచి పొగరాని ఇంధనం, గ్యాస్ తీయడం మీద అక్కడ దశాబ్దాల పాటు పరిశోధన సాగింది. బూడిద ఎక్కువున్న బొగ్గును గడ్డల రూపంలోనే పైనుంచి వేసి, కిందినుంచి బూడిదను పొడిగా తీసే మూవింగ్ బెడ్ గ్యాసిఫయర్‌ను పైలట్ స్థాయిలో అక్కడ నడిపారు. బీహెచ్ఈఎల్ సంస్థ 1980ల చివర తిరుచ్చిలో 6.2 మెగావాట్ల ప్లాంటు పెట్టి బొగ్గు గ్యాస్‌తో కరెంటు తీసి చూపించింది. ఆ తర్వాత మన బొగ్గుకు ఇంకా బాగా సరిపోయే ఫ్లూయిడైజ్డ్ బెడ్ పద్ధతిని తయారు చేసుకున్నది. 2000ల చివర ఏపీ జెన్‌కోతో కలిసి విజయవాడ థర్మల్ కేంద్రంలో 125 మెగావాట్ల ప్లాంటు పెడతామని ఒప్పందం చేసుకున్నది. అది కాగితం దాటలేదు.

హైదరాబాద్‌లోని బీహెచ్ఈఎల్ పరిశోధన కేంద్రం మాత్రం పని ఆపలేదు. నీతి ఆయోగ్ చొరవతో, సుమారు 10 కోట్ల రూపాయల కేంద్ర సహాయంతో 2016లో మొదలుపెట్టి, బూడిద ఎక్కువున్న దేశీయ బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే ప్లాంటు కట్టింది. 2021లో 99 శాతానికి పైగా స్వచ్ఛత ఉన్న మిథనాల్ వచ్చింది. 2022 జనవరిలో దాన్ని జాతికి అంకితం చేశారు. పావు టన్ను అంటే చిన్న ముచ్చటే. కానీ మన బొగ్గు పనికిరాదన్న మాటకు అది సరైన జవాబు. ఇగ ఆ పద్ధతి పెద్ద స్థాయిలో ఎక్కడ అడుగు పెడుతున్నది? ఒడిశాలో. కోల్ ఇండియా, బీహెచ్ఈఎల్ కలిసి 2024 మేలో భారత్ కోల్ గ్యాసిఫికేషన్ అండ్ కెమికల్స్ అనే సంస్థ పెట్టుకున్నయి. ఝార్సుగూడ జిల్లా లఖన్‌పూర్‌లో బొగ్గు గ్యాస్ నుంచి రోజుకు 2,000 టన్నుల అమ్మోనియం నైట్రేట్ తీస్తామంటున్నయి. ఒడిశా ప్రజల మీద మనకు కోపం లేదు, వాళ్ల బొగ్గుకు విలువ పెరిగితే మంచిదే. మన ప్రశ్న మన పాలకులకు. పరిశోధన హైదరాబాద్‌ది, బొగ్గు సింగరేణిది, నలభై ఏండ్ల కింద ఈ పని చేసిన గడ్డ రామగుండం. మరి ఈ మూడింటిని ఒక్క దగ్గర కూర్చోబెట్టే బాధ్యత ఎవరిది?

అయితే బొగ్గు గ్యాస్ అనంగనే చప్పట్లు కొట్టుకుంట పోవద్దు. లోకంలో ఏం జరిగిందో చూడాలె. ముందు కరెంటు సంగతి. బొగ్గును గ్యాస్ చేసి, దానితో ఒక టర్బైన్, మిగిలిన వేడితో మరో టర్బైన్ తిప్పే ప్లాంట్లు పాశ్చాత్య దేశాల్లో 1990ల్లోనే వచ్చినయి. నెదర్లాండ్స్‌లోని బుగెనుమ్ ప్లాంటు 2013లో మూతబడ్డది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు కెంపర్ ప్లాంటు ముందు వేసిన అంచనాకు రెట్టింపు దాటి 750 కోట్ల డాలర్లు మింగింది. 2017 జూన్‌లో ఇగ బొగ్గు గ్యాస్ వద్దని సహజవాయువుకు మారింది. చౌక గ్యాస్, చౌక సౌర విద్యుత్ వచ్చినంక బొగ్గును గ్యాస్ చేసి కరెంటు తీయడం ఎక్కువ దేశాలకు గిట్టుబాటు కాలేదు. పొద్దంతా ఎండ కాసే తెలంగాణలో కరెంటు కోసం అంత ఖర్చు పెట్టమని ఎవరన్నా చెపితే, లెక్కలు బయట పెట్టమని నిలదీయాలె.

ఇంజన్ల సంగతి వేరు. 1925లో జర్మనీ శాస్త్రవేత్తలు ఫిషర్, ట్రోప్ష్ బొగ్గు గ్యాస్ నుంచి ద్రవ ఇంధనం తీసే మార్గం కనిపెట్టారు. దక్షిణాఫ్రికా దాన్ని అందిపుచ్చుకున్నది. సాసోల్ సంస్థ 1955లో బొగ్గు నుంచి పెట్రోల్ తీసింది. 1973 చమురు సంక్షోభం తర్వాత సెకుండాలో మరింత పెద్ద ప్లాంట్లు కట్టింది. అక్కడి బొగ్గులోనూ బూడిద తక్కువేం కాదు. గడ్డ బొగ్గును తీసుకొని పొడి బూడిదను వదిలే లుర్గి గ్యాసిఫయర్లను ఎంచుకున్నరు కాబట్టి పని నడిచింది. మన దేశంలోనూ ఒడిశాలోని అంగుల్‌లో జిందాల్ ఉక్కు ఫ్యాక్టరీ అదే రకం గ్యాసిఫయర్లతో దేశీయ బొగ్గును గ్యాస్ చేసి ఇనుము తీస్తున్నది. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. మిథనాల్‌లో 90 శాతానికి పైగా బయటిదే. అస్సాంలో 2022 ఏప్రిల్‌లో 15 శాతం మిథనాల్ కలిపిన పెట్రోల్‌ను ప్రయోగాత్మకంగా బంకుల్లో అమ్మారు. మిథనాల్‌కు పెట్రోల్‌లో సగం సత్తువే ఉంటది, కాబట్టి లీటరుకు లీటరు లెక్క కుదరదు. అయినా మసి లేకుండ మండుతది. ఎరువులకు, రసాయనాలకు, ఇంజన్లకు పనికొచ్చే సరుకు కాబట్టి బొగ్గు గ్యాస్‌కు అర్థం ఉన్నదంటే అది ఇక్కడే, కరెంటులో కాదు.

ఇంకో చేదు నిజం కూడా మన పాఠకులకు చెప్పాలె. శుభ్రమైన ఇంధనం అన్న మాటకు హద్దు ఉన్నది. మసి, గంధకం, బూడిద తగ్గేది నిజమే. కానీ బొగ్గులో ఉన్న కార్బన్ యాడికి పోదు. దాన్ని పట్టి భూమిలో దాచకపోతే, బొగ్గు నుంచి తీసిన పెట్రోల్ వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ ముడిచమురు పెట్రోల్‌తో పోలిస్తే సుమారు రెట్టింపు ఉంటది. ఒక్క చోటినుంచి లోకంలో అందరికంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదిలే ఫ్యాక్టరీగా సెకుండాకు పేరున్నది. నీళ్లు కూడా బాగా కావాలె. మూవింగ్ బెడ్ పద్ధతిలో తారు, ఫినాల్ కలిసిన మురికినీళ్లు వస్తయి. వాటిని శుద్ధి చేయకుండ గోదావరిలోకి వదిలితే మంథని దాకా చేపలు బతకవు. కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషం. చిన్న లీకేజీ అయినా డ్యూటీలో ఉన్న కార్మికుడి ప్రాణం తీస్తది. శుభ్రం అన్న మాటను ఢిల్లీ ప్రకటనలో చదివి కాదు, ప్లాంటు గోడ అవతలి బస్తీలో నిలబడి కొలవాలె.

ఈ మాట ఊరికే అనడం లేదు. థర్మల్ ప్లాంట్ల చిమ్నీల దగ్గర గంధకం పట్టే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబర్‌లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. గడువు మీద గడువు పెంచుకుంట వచ్చింది. చివరికి 2025 జులైలో దేశంలోని నాలుగింట మూడొంతులకు పైగా ప్లాంట్లకు ఆ యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చింది. మన బొగ్గులో గంధకం తక్కువ అన్నది కేంద్రం చెప్పిన కారణం. కాగితం మీద కఠినమైన నిబంధన పదేండ్లలో ఎట్ల కరిగిపోతదో కండ్లారా చూసినం. బొగ్గు గ్యాస్ ప్లాంటుకు పెట్టే షరతులు కూడా అట్లనే కరిగిపోవని ఎవరు హామీ ఇస్తరు?

పైసల సంగతి కూడా చూడాలె. కేంద్రం వేలం వేస్తున్న బొగ్గు బ్లాకులను దక్కించుకున్న కంపెనీలు ఆ బొగ్గును గ్యాస్ చేస్తే, దానికి ప్రభుత్వానికి కట్టాల్సిన ఆదాయ వాటాలో 50 శాతం రాయితీ ఉన్నది. 2024లో సింగరేణి పరిధిలోని శ్రావణపల్లి బ్లాకును కూడా వేలంలో పెట్టారు. ఇవాళ బ్లాకు పోతది, రేపు రాయితీ పోతది, ఎల్లుండి గ్యాస్ ప్లాంటు వేరేవాళ్ల పేరు మీద లేస్తది. మనకు మిగిలేది ఓపెన్‌కాస్ట్ బొందలగడ్డ. ఇంకో దిక్కు తాల్చేరును చూడండి. రామగుండానికి కవల అయిన ఆ ఫ్యాక్టరీని బొగ్గు గ్యాస్‌తోనే బతికిస్తామని 2018 సెప్టెంబర్‌లో శంకుస్థాపన చేశారు. మూడేండ్లలో పూర్తవుతదన్నరు. 2021 పోయింది, 2025 కూడా పోయింది, పని పూర్తి కాలేదు. ప్రకటనకు, పొగకు మధ్య ఎంత దూరం ఉంటదో తాల్చేరు చెప్తున్నది. మనం అడిగేటప్పుడు ఇది కూడా యాదిలో పెట్టుకోవాలె.

ఇక మన పిల్లల సంగతి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిన నాటినుంచి ఈ గడ్డ దేశానికి బొగ్గు ఇస్తనే ఉన్నది. 1990-91లో సింగరేణిలో లక్షా 16 వేల మంది పనిచేసేవాళ్లు. ఇప్పుడు 40 వేల చుట్టూ మిగిలారు. బొగ్గు మాత్రం అప్పటికంటే మూడింతలకు పైగా, ఏడాదికి 7 కోట్ల టన్నుల దగ్గర వస్తున్నది. యంత్రాలు పెరిగినయి, అండర్‌గ్రౌండ్ బాయిలు మూతబడ్డయి, ఓపెన్‌కాస్టులు లేచినయి, ఔట్‌సోర్సింగ్ వచ్చింది. బొగ్గు తవ్వి రైలు బండికి ఎక్కించే పనికి మనుషుల అవసరం ఇంకా తగ్గుతనే ఉంటది. బొగ్గును గ్యాస్‌గా, మిథనాల్‌గా మార్చే పనికైతే కెమికల్ ఇంజనీర్లు కావాలె, ఫిట్టర్లు, వెల్డర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, బాయిలర్ ఆపరేటర్లు కావాలె. ఉస్మానియాలో, కాకతీయలో, మంథని జేఎన్‌టీయూలో, కొత్తగూడెం ఇంజనీరింగ్ కాలేజీలో చదివే పిల్లలకు సొంత జిల్లాలో ఆ కొలువులు దొరకాలె. టన్ను బొగ్గు అమ్మితే వచ్చేది ఒకటి. ఆ టన్నును సరుకుగా మార్చి అమ్మితే వచ్చేది ఒకటి. ఆ తేడాయే నిధులు, ఆ తేడాయే నియామకాలు.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలె. ఒకటి, సింగరేణి బొగ్గుతో, హైదరాబాద్ శాస్త్రవేత్తల పద్ధతితో, ప్రభుత్వ రంగంలో ఒక నమూనా ప్లాంటు గోదావరి బొగ్గు బెల్టులో పెట్టాలె. వేల కోట్లతో ఒకేసారి దూకుడు వద్దు. ముందు ఆ ఒక్కటి నడవాలె, దాని ఖర్చు, ఉత్పత్తి, నష్టం లెక్కలు ఏటా అసెంబ్లీ ముందు పెట్టాలె. రెండు, అది మిథనాల్, అమ్మోనియా వంటి సరుకు కోసం ఉండాలె. కరెంటుకు ఎండ ఉన్నది. మూడు, కార్బన్, మురికినీళ్లు, గాలి కొలతలు ప్లాంటు గేటు దగ్గర బోర్డు మీద తెలుగులో రాసి పెట్టాలె. ప్రజాభిప్రాయ సేకరణ పోలీసు పహారా మధ్య కాదు, ఊరి నడుమ జరగాలె. నాలుగు, భూమి పోయినోళ్లకు, బాయి కార్మికుల పిల్లలకు కొలువుల్లో మొదటి హక్కు ఉండాలె, శిక్షణ ప్లాంటు కంటే ముందే మొదలుకావాలె. ఐదు, సింగరేణిలో 51 శాతం వాటా ఉన్న రాష్ట్ర ప్రభుత్వం, 49 శాతం ఉన్న కేంద్రం నెపం ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం మానాలె. ఇద్దరూ కలిసి కూర్చొని 8,500 కోట్ల పథకంలో సింగరేణికి ఏం వచ్చిందో, ఏం రాలేదో శ్వేతపత్రం ఇవ్వాలె.

2011 సకల జనుల సమ్మెలో బొగ్గు బాయిలు బందైనప్పుడు దక్షిణాది మొత్తానికి తెలిసింది సింగరేణి అంటే ఏందో. 2014లో రాష్ట్రం వచ్చింది. బొగ్గును ఆపి మన బలం చూపించినం. ఇప్పుడు ఆ బొగ్గు ఏ రూపంలో బయటికి పోవాలో, ఎవరి లాభానికి పోవాలో తేల్చుకోవాల్సిన పని మిగిలింది. బాయిల ఆయుష్షు ఏటా తగ్గుతున్నది, దేశం సౌర విద్యుత్ వైపు నడుస్తున్నది. వచ్చే పదేండ్లలో ఈ నిర్ణయం జరగకపోతే ఆ తర్వాత బొగ్గు ఉన్నా దాన్ని అడిగేటోడు ఉండడు. కార్మిక సంఘాలు గేటు మీటింగుల్లో వేతనాలు, లాభాల్లో వాటాతో పాటు ఈ ముచ్చట కూడా ఎత్తాలె. విద్యార్థులు తమ కాలేజీల్లో దీని మీద సెమినార్లు పెట్టాలె, ఉద్యోగులు సమాచార హక్కు కింద ఫైళ్లు అడగాలె. ఎమ్మెల్యేలు, ఎంపీలు ఓట్లకొచ్చినప్పుడు ఒక్కటే ప్రశ్న వెయ్యాలె: రామగుండంలో బొగ్గు గ్యాస్ మళ్లీ ఎప్పుడు పుడతది, అది ఎవరి పేరు మీద పుడతది?